ముష్టి చెట్టు మీది బదనిక

ఖటోదరాలో నేను పనిచేసే మిల్లు గేటు దగ్గర మామిడి కొమ్మకు బదనిక పట్టింది. మరో చెట్టు రసం తాగి బతికే ఆ పొదకు ఈ వేసవిలో ఎర్రటి చిన్న పండ్లు కాశాయి. ఒకటి నలిపితే వేళ్లకు జిగురు అంటుకుని తియ్యటి వాసన వచ్చింది. చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాను.

ఊరు విడిచి బతుకుదెరువుకు పరాయి రాష్ట్రం వచ్చిన మేం తొంభైలలో ఇదే పట్నంలోని లింబాయత్‌లో, మరమగ్గాల చప్పుడుకు పగలూ రాత్రీ గోడలు అదిరే వరుస గదుల్లో ఉండేవాళ్లం. హోలీకి మగ్గాలు ఆగినప్పుడు కమ్ముకునే నిశ్శబ్దమంటే నాకు భయం. నా పదో ఏట ఆ సెలవుకు వరుసంతా కలిసి జొన్నరొట్టెలు, నువ్వుల లడ్డూలు మూటకట్టుకుని, టెంపోలో డాంగ్ అడవి కొండలకు వెళ్లాం. ఎండుటాకులు కాలుతున్న వాసన, ఎక్కడా పిట్ట కూత లేదు. పక్క గది కొమురమ్మ, మా ఊరి నుంచే వచ్చిన ఒంటరి మనిషి, మామిడి మీది బదనిక పండ్లు మాకు తినిపించి, వాగు పక్కనున్న ముష్టి చెట్టు చూపించింది.

"దీని మీదియి ముట్టకుండ్రి బిడ్డా. చెట్టు ఇసం పండ్లకెక్కుతది."

చెల్లెలు లత ఇంకా కావాలని ఏడ్చింది. మామిడి ఎక్కడానికి నాకు బద్ధకం. ముష్టి కొమ్మ చేతికందేంత కిందికుంది. దాని మీది బదనిక పండ్లు గుప్పెడు కోసిచ్చాను. నేను మాత్రం వాటిలో ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

తిరుగుదారిలో లత దవడలు బిగుసుకున్నాయి, ఒళ్లు విల్లులా వంగింది. ఆస్పత్రిలో ఎలాగో ప్రాణం నిలిచింది. మర్నాటికి వరుసంతా ఒకటే మాట: బాణామతి. లడ్డూ పెట్టింది కొమురమ్మ, ఆకూ అలమూ తెలిసింది కొమురమ్మకే.

"ఏం పెట్టినవే నా పోరికి?" అని అమ్మ ఆమె జుట్టు పట్టుకుంది.

కొమురమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు కొడుకా. ఏ చెట్టుయి తెంపిచ్చినవ్?"

"మామిడియే," అన్నాను.

"గింత పోరడు అబద్ధమాడుతడా?" అన్నాడు నాన్న.

సాయంత్రానికి ఆమె సామాను వీధిలో పడింది. ట్రంకు పెట్టె తనే ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ గదులు ఇప్పుడు లేవు. ఆ కుటుంబాల్లో సగం ఊరికి తిరిగిపోయాయి. కొమురమ్మ ఏమైందో అడిగే ధైర్యం నాకు ఇన్నేళ్లయినా రాలేదు. లతకు ఇద్దరు పిల్లలు. వాళ్లు అన్నం దగ్గర మారాం చేస్తే, "కొమురమ్మస్తది" అని భయపెడుతుంది. పిల్లలు గబగబా తింటారు. పక్కనే కూర్చుని, తలెత్తకుండా నేనూ తింటాను.