పరుపుల మెయిల్లో మా వదిన తుంటరి రాతలు

మా వదిన ఒక పరుపుల కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. నోరు కట్టేసుకోమంటే వేళ్ళతో మాట్లాడే రకం.

వారం వారం ఖాతాదారులందరికీ మెయిలు పంపడం ఆమె పని. ఒక్కో మెయిల్లో మూడు భాగాలు కూర్చాలి. రంగుల బొమ్మలతో ముస్తాబైన ఉత్తరం ఒకటి. ఆ బొమ్మలు చూపించలేని ఫోన్ల కోసం అదే ఉత్తరం ఉత్త అక్షరాల్లో ఇంకొకటి. చివర్న అటాచ్‌మెంటుగా ధరల పట్టిక.

"ఈ రోజుల్లో ఉత్త అక్షరాలు ఎవరు చదువుతార్లే" అని వదిన ఆ భాగంలో తోచిందల్లా రాసేసేది.

"మా యజమాని రోజూ భోజనం కాగానే షోరూములో పరుపులు పరీక్షిస్తారు. గురక వీధిలోకి వినబడిందంటే సరుకు మంచిదన్నమాటే."

"నీ కొంప మునుగుతుంది వదినా" అన్నాను.

"మునిగితే పరుపు మీద తేలతాన్లే!"

ఓరోజు ఆఫీసుకి ఫోనొచ్చింది. చేసింది యజమాని తల్లి. చూపు మందగించిన ఆవిడకి మెయిళ్ళు ఫోనే పైకి చదివి వినిపిస్తుంది. అది చదివేది ఉత్త అక్షరాల భాగాన్నే!

"ఆ గురక సంగతి రాసింది నువ్వేనా అమ్మాయ్?"

వదినకి పైప్రాణాలు పైనే పోయాయి. "పొరపాటైందండీ పెద్దమ్మగారూ..."

"పొరపాటే మరి! అసలు సంగతులు వదిలేశావు. చెప్తాను, రాసుకో."

అప్పట్నుంచి పెద్దావిడ చెప్పడం, వదిన రాయడం. ఇద్దరూ ఇద్దరే!

ఓ ఆదివారం యజమాని తన తల్లి దగ్గర అన్నం తింటుండగా ఆవిడ ఫోను గట్టిగా చదివింది: "మీసాలొచ్చేదాకా మా యజమాని పక్క తడిపేవారు. ఆ అనుభవంతోనే నీళ్ళు దిగని తొడుగు ఉచితంగా ఇస్తున్నాం."

ఆయనకి పొలమారింది. తల్లి మాత్రం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోందట.

మర్నాడు పొద్దున్నే యజమాని వచ్చి వదిన బల్ల ముందు నిలబడ్డాడు. "ఇది ఎవరైనా చదివారా?"

"ఎవరూ చదవరండీ" అంటుండగానే కింద నుంచి సేల్స్ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "సార్, తొడుగు ఉచితమట కదా, ముగ్గురొచ్చి కూర్చున్నారు!"

యజమాని పళ్ళు నూరుకుంటూ ఇప్పించాడు. ఇకమీదట రెండు ఉత్తరాల్లోనూ ఒకే ముక్క ఉండాలని హుకుం జారీ చేశాడు. వదిన బుద్ధిగా అలాగే పంపింది.

ఆ వారమంతా పెద్దావిడ కొడుకుతో మాట్లాడలేదు. "ధరలు వినడానికా నాకు ఫోను?" అని ఒకటే అలక.

చివరికి ఆయనే వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మకి మాత్రం విడిగా ఒకటి పంపమ్మా. ఆ ఒక్కరికే, తెలిసిందా?"

"అలాగేనండీ. మీకూ ఒక కాపీ పెట్టనా?"

"అక్కర్లేదు" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడట.