వర్సియెమ్ కాదన్న రోజు

జావా దీవిలోని ఒక పల్లెలో డచ్చివాళ్లు కట్టిన వ్యవసాయ పాఠశాలలో, పశువుల కొట్టం పక్కగదిలో పుట్టింది వర్సియెమ్. తండ్రి బడి ఆవులకు కాపరి. ఆమె నడక నేర్చింది పెద్ద హాల్లో, ఎర్ర పూల పలకల నేల మీద. హాలుకు కింద నదిరాళ్ల గోడలు, పైన టేకు దూలాలు. పెంకుల కప్పు రెండు వరసలుగా ఉండేది. వాటి నడుమ సందులోంచి వేడిగాలి పైకి పోయేది. పొలం వైపు గుమ్మం ముందు నీళ్ల తొట్టి. బురద కాళ్లు అందులో కడుక్కోనిదే ఏ విద్యార్థీ లోపలికి రాకూడదు. యుద్ధకాలంలో జపాను సైనికులు లోపలే వంట చేసుకుని ఒక స్తంభాన్ని నల్లగా మాడ్చారు. స్వతంత్రం వచ్చాక ఆ స్తంభానికి ఆనుకునే వర్సియెమ్ చదువుకుంది. పెద్దయ్యాక అక్కడే పిల్లలకు విత్తనాలు ఎంచడం నేర్పింది.

బడి రోడ్డు పక్కకు మారాక హాలు మూతపడింది. తాళంచెవి ఆమె దగ్గర ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, ఆమే వెళ్లి తుడిచి వచ్చేది.

అంతలో సుమత్రా నుంచి సిహొంబింగ్ అనే కుర్ర అధికారి బదిలీ మీద వచ్చాడు. హాలు ఒరిగిందని, కూల్చేసి అతిథిగృహం కడతామని ఊరివాళ్లను పిలిచి చెప్పాడు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. అందరూ తలలూపారు. ఆ జావా పల్లెలో పెద్ద హోదాలో ఉన్నవాడి ముఖం మీద కాదనడం మర్యాద కాదు. ముందు తలూపి, తర్వాత ఆ పని జరగకుండా చూసుకుంటారు. తన ఊళ్లో మనసులో మాట మొహం మీదే చెప్పేస్తారు గనుక సిహొంబింగ్‌కు అది తెలియదు. ఊరు ఒప్పుకుందనుకుని పట్నం నుంచి కూలీలను పిలిపించాడు.

హాలు దగ్గరికి నిచ్చెనలు వచ్చాయని వడ్రంగి పార్ది కబురు తెచ్చాడు.

"ఆ రోజు అందరికంటే నీ తలే ఎక్కువ ఊగింది కదక్కా" అన్నాడు.

"నీది ఆగిందా ఏమిటి?" అని వర్సియెమ్ చెప్పులేసుకుంది.

ఆమె నేరుగా వెళ్లి హాలు నడుమ, పలకల మీద కూర్చుంది. కింద ముసలమ్మ ఉండగా పెంకు తీయలేక కూలీలు ఆగిపోయారు. ఊరివాళ్లు గుమ్మం దగ్గర పోగయ్యారు. సిహొంబింగ్ వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీరూ సరేనన్నారు కదమ్మా."

"తలూపాను బాబూ. ఎదురుగా కాదనడం మాకు చేతకాదు."

"మరి ఇప్పుడేమంటారు?"

మొగుడితో గానీ, హెడ్‌మాస్టరుతో గానీ కాదనే మాట ఆమె ఎన్నడూ అనలేదు. రెండు అరచేతులూ నేలకు ఆనించుకుంది.

"వద్దంటున్నాను. దీన్ని కూల్చడానికి నేనొప్పుకోను."

గుమ్మంలో జనం తలలు దించుకున్నారు. సిహొంబింగ్ వాళ్ల వైపు చూసి, మీరొక్కరే కాదంటే ఎలా, ఊరంతా ఒప్పుకుంది కదా అన్నాడు.

"అందరినీ కలిపి అడిగితే తలే ఊపుతారు. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి అడుగు. కాదన్నా నీకు కోపం రాదని ముందు చెప్పు."

అతను లేచి, తనకు కోపం రాదని జనానికి చెప్పాడు. ముందుగా పార్ది పేరు పిలిచాడు.

పార్ది కళ్లు నేల మీదే ఉన్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. "ఒరిగిన మాట నిజమేనండి. ఒరిగిన పక్క దూలం కింద కొత్త మొద్దు నిలబెడితే ఆగుతుంది. కూల్చడం మాత్రం..." అని ఒకసారి దగ్గాడు. "వద్దండి."

సిహొంబింగ్ కూలీలను నిచ్చెనలు దించమన్నాడు. పార్ది పక్కనున్నామె పేరు అడిగాడు. వర్సియెమ్ ఇంకా లేవలేదు.