రాగి అనుకున్న తీగ: సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ

మా బావ బావి మోటార్ నేను కొత్త తీగ చుట్టించి ఇచ్చిన నెలకే మళ్లీ కాలిపోయింది. వరి పొట్ట దశలో ఉంది. సూర్యాపేటలో పద్నాలుగేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను కదా, అప్పుడు ఇక్కడి షాపులో ఆ తీగ రంగు చూసి "అసలైన రాగి బావా, నాది భరోసా" అన్నాను. అందుకే ఈసారి పని పూర్తయ్యేదాకా పక్కనే ఉండాలనుకున్నాను. బావ మోటార్‌ను మా ఇంట్లో దించి వెళ్లాడు. ఆదివారం నేను బయలుదేరాను.

ముప్పై కిలోలు దాటిన మోటార్‌తో బస్సు కుదరదు. రోజంతటికీ ట్రాలీ ఆటో రెండు వేల ఎనిమిది వందలకు మాట్లాడుకున్నాను. ఆరింటికి కదిలితే హైవే మీద ఏడుంబావుకు కోదాడ చేరాం. "గాడ సూర్యాపేటల చుట్టరా మేడం? గింత దూరమెందుకు?" అన్నాడు డ్రైవర్ సైదులు. అక్కడ చుట్టించిందే నెలకు కాలిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తోటి టీచర్ చెప్పిన మార్తమ్మ ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడుతోంది. కాలిన చుట్ట కోసి, తీగ కొసను బ్లేడుతో గీకి నా ముందు పెట్టింది. లోపల తెల్లగా మెరిసింది.

"ఇది రాగి కాదు మేడం, అల్యూమినియం. పైన రంగు పూత అంతే. కరెంటు తక్కువ మోసుద్ది, అందుకే వేడెక్కి కాలింది."

నా చెవులు వేడెక్కాయి. "నేను చూసే ఇప్పించాను" అన్నాను.

"పైకి చూస్తే నాక్కూడా తెలవదండి. గీకాల్సిందే."

కొత్త తీగనూ గీకి చూపించింది. ఈసారి లోపలా ఎర్రగానే ఉంది. వెండి తర్వాత కరెంటును అంత సులువుగా మోసే లోహం రాగే. సన్నటి తీగగా లాగినా తెగదు, ఇనుములా తుప్పుపట్టి రాలిపోదు. ఇవన్నీ ఏటా బోర్డు మీద రాసినవే. ఆ రోజు మాత్రం నూలు దారంలా మోటార్ లోపలి ఇరుకు గాడుల్లోకి వంగుతుంటే వేళ్లతో తాకి చూశాను. పన్నెండున్నరకు చుట్టడం అయిపోయింది. ఎదురు మెస్‌లో తొంభై రూపాయలకు పప్పు, గోంగూర పచ్చడితో తిని వచ్చి, చుట్టిన తీగ మీద పోసిన వార్నిష్ బల్బుల వేడికి ఆరేదాకా కూర్చున్నాం.

మూడున్నరకు బయలుదేరి, సిమెంట్ లారీల వెనకే హుజూర్‌నగర్ దాటి, ఐదున్నరకు మిర్యాలగూడ అవతల బావ పొలం చేరాం. మోటార్ దించకముందే చెప్పేశాను.

"బావా, మొన్నటి తీగ రాగి కాదు. నేను గుర్తుపట్టలేదు."

బావ నా వైపు తిరిగాడు. "పిల్లలకు గదే జెప్తవ్ గద కవితా!"

"చెప్తా. కానీ ఎన్నడూ తీగ కోసి చూడలేదు."

ఆయన మోటార్ దించి బోల్టులు బిగించాడు. స్విచ్ వేస్తే పైపు రెండుసార్లు గాలి కక్కి, తర్వాత నీళ్లు దూకాయి. అక్క కాలువలో చేయి పెట్టి నవ్వింది. బావ గట్టు మీద నిలబడి, "పై మడి ఎండింది, ఇగ రాదు. కింద మూడెకరాలు నిలుస్తయ్ లే" అన్నాడు.

ఎండిన మడి దాకా ఒక్కదాన్నే వెళ్లాను. నేను పాఠంలో చెప్పినదేదీ తప్పు కాదు, అయినా ఆ మడి ఎండింది. సోమవారం తరగతిలో మార్తమ్మ దగ్గర తీసుకున్న రెండు తీగ ముక్కలు బల్ల మీద పెట్టి, జరిగిందంతా పిల్లలకు చెప్పాను, నా భరోసా మాటతో సహా. పద్నాలుగేళ్లలో మొదటిసారి, చివరి బెంచీ వాళ్లు కూడా లేచి వచ్చి చూశారు.

మోటార్‌తో ఇలా వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వార్నిష్ ఆరడానికే మూడు గంటలు పడుతుంది. తడిగా ఉండగా తీసుకెళ్తే మళ్లీ కాలుతుంది. పొద్దున ఎనిమిదిలోపే అప్పజెప్పండి.