అన్న బిగించిన బ్రేకులు

బండి నడుపుతుంది కాబట్టి అందరూ ఆమెను బండక్క అనేవాళ్ళు. గిట్టనివాళ్ళు ఆ పేరునే 'బండ' దగ్గర కాస్త నొక్కి పలికేవాళ్ళు. ఆ తేడా ఆమెకూ తెలుసు. పాలు కొంటే రెండుసార్లు వాసన చూసే మనిషి. ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే, ఆ నవ్వు తనకేనా అని వెనక్కి తిరిగి చూసుకునేది.

ట్రక్కు తండ్రిది. నాలుగు చక్రాలూ లాగే పాత బండి. మామూలు లారీలు ఎక్కలేని గుట్ట మీద కలప కోసే మిల్లు ఉంది. అక్కడికి సరుకులు చేరవేసి, కోసిన చెక్కలు దించుకు రావడం ఆమె పని. తండ్రి పోతూ పోతూ బండి తాళాలు కూతురి చేతిలో పెట్టాడు. మెకానిక్కు పని తెలిసిన కొడుక్కి ఇవ్వలేదు. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్ళు ఉప్పూ నిప్పూ. రోజూ అన్న షెడ్డు ముందు నుంచే ఆమె బండి వెళ్ళేది. అతను పానా మీంచి తల ఎత్తేవాడు కాదు.

అలాంటి అన్న ఉన్నట్టుండి భార్యతో కబురు పెట్టాడు.

"బండి షెడ్డుకి తెమ్మంటున్నాడు మీ అన్నయ్య. ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేస్తాడట," అంది వదిన, గుమ్మంలో నిలబడే.

"ఎందుకట? ఇన్నేళ్ళకి నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

"నాకేం తెలుసు?" అని వదిన చూపు తిప్పేసుకుంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వాలకం. వదిన దాచేది ఒకటుందని బండక్కకు తెలుసు. వారం వారం మొగుడికి చెప్పకుండా ఇదే ట్రక్కులో గుట్టెక్కి, మిల్లు పనివాళ్ళకు కోడిగుడ్లు అమ్ముకొస్తుంది. దానికి ఆడపడుచుగా తనే తోడుదొంగ. కానీ ఇప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసి ఇంకేదో నడుపుతున్నారా? బండి మొత్తం విప్పేసి, ఇక పనికిరాదని తేల్చేస్తాడా?

అయితే బ్రేకులు బాగాలేవన్నది మాత్రం నిజం. గుట్ట దారిలో వాగు దాటాక డ్రమ్ముల్లోకి నీళ్ళు చేరి, ఎంత తొక్కినా కాసేపు పట్టవు. మొన్నీమధ్య గుట్ట దిగువన చెక్‌పోస్టు గేటు ముందు ఆగాల్సిన బండి గేటు దాటి చాలా దూరం పోయి ఆగింది. గేటు తెరిచి ఉండబట్టి బతికిపోయారు.

బండి తీసుకెళ్ళింది. వదిలి మాత్రం రాలేదు. షెడ్డులో ఓ పాత టైరు మీద కాపలా కూర్చుంది.

అన్న చక్రం ఊడదీశాడు. డ్రమ్మును సుత్తితో చుట్టూ తట్టి లాగితే నల్లటి పొడి రాలింది. "ఆ డ్రమ్ములు ఇటు పెట్టు. నావి," అంది ఆమె. అన్న వాటిని ఆమె కాళ్ళ దగ్గరికి దొర్లించాడు.

ఇంతలో ఎవరో లావుపాటి మనిషి వచ్చాడు. ట్రక్కు చుట్టూ తిరిగి, వంగి చక్రాల్లోకి చూసి, అన్నను పక్కకి తీసుకెళ్ళి గుసగుసలాడాడు. బండక్క చివాల్న లేచింది.

"నా బండి అమ్మకానికి లేదు!"

"నీ బండెవడిక్కావాలక్కా?" అన్నాడా మనిషి బిత్తరపోయి. "నాది పాత సామాను దుకాణం. డిస్కులు నేనే ఇచ్చాను. రిమ్ముకి రాసుకుంటాయేమో చూద్దామని వచ్చాను."

ఆమె మళ్ళీ కూర్చుంది గానీ నమ్మలేదు. ఇద్దరు కూడబలుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది?

డిస్కులు బిగించడం అయ్యాక బ్రేకు పైపుల్లోంచి గాలి తీయాలి. ఆ పనికి ఇద్దరుండాలి. ఒకరు పెడల్ తొక్కితే ఇంకొకరు చక్రం దగ్గర మర వదలాలి. షెడ్డులో ఇంకెవరూ లేరు.

"తొక్కు," అన్నాడు అన్న బండి కింద నుంచి.

"తొక్కాను."

"పట్టుకో. ఆ... ఇప్పుడు వదులు."

ఇన్నేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్న మాటలవే.

బండక్క బండి తీసుకుని వీధులన్నీ ఓ చుట్టు చుట్టి వచ్చింది. దిగీ దిగగానే ముందు చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. రెండోది కూడా పెనంలా కాలుతోంది.

"అనుకున్నాను! తొక్కకుండానే పట్టేస్తున్నాయి. గుట్ట మీద నన్ను బండితో సహా తగలబెడదామనా?"

అన్న పానా కింద పడేసి వచ్చాడు. తనూ చెయ్యి పెట్టి చూశాడు.

"నిన్ను చంపాలనుకుంటే, అది కూర్చునే బండికే చేస్తానా?"

"అదెవరు?"

నోరు జారాక అన్న ఇక దాచలేదు. "ఆ రోజు గేటు దగ్గరే ఉన్నాను. ఆగకుండా పోయావు. పక్క సీట్లో మీ వదిన. గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది."

"మరి వదినని అడగలేదేం?"

"అడిగితే మానేస్తుంది. ఆ గుడ్ల పని మొదలెట్టాక ఇంట్లో పాటలు పాడుతోంది. నాకు తెలుసని చెప్పకు."

 అన్న అప్పటికే బానెట్ ఎత్తి తలదూర్చాడు. చాలాసేపు వెతికాక లోపం దొరికింది. పెడల్ తొక్కితే బ్రేకు నూనెను పైపుల్లోకి తోసే పాత మాస్టర్ సిలిండర్ అలాగే ఉంచేశాడు. పైపులో ఎప్పుడూ కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు దాన్లో ఉంటుంది. డ్రమ్ములకు అది కావాలి. డిస్కులకు అదే ఉంటే బ్రేకు వదలదు.

"నాదే పొరపాటు," అన్నాడు. "నువ్వు చెయ్యి పెట్టి చూడకపోయుంటే..." 

సిలిండర్ మార్చాక ఆమె పక్క సీటు తలుపు తెరిచింది. "ఎక్కు. నువ్వుంటేనే గుట్ట దిగుతాను."

వాగు దాటి, తడి చక్రాలతోనే పల్లంలో దిగి, మూసి ఉన్న గేటు కనబడగానే తొక్కింది. బండి ముక్కు వంచి, అటూ ఇటూ లాగకుండా, గేటుకు బాగా ఇవతలే ఆగింది. అన్న రెండు చేతులతోనూ కిటికీ పట్టుకుని ఉన్నాడు.

"నీ పని మీద నీకే నమ్మకం లేదా, అన్నయ్యా?"

"పని మీద ఉంది. నీ తోలకం మీదే లేదు."

వదిన ఇప్పటికీ దొంగచాటుగానే గుట్టెక్కుతోంది. "మీ అన్నయ్యకి అనుమానం రాలేదు కదా?" అని ప్రతివారం అడుగుతుంది. "తెలిస్తే ఊరుకుంటాడా?" అంటుంది బండక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

వెనక చక్రాలకు డ్రమ్ములే ఉంచేశారు. ఈ బండికి వెనక అవి చాలని అన్న చెప్పాడు. నిజంగానే చాలతాయో లేదో బండక్క ఇంకో ఇద్దరు మెకానిక్కుల్ని అడిగి వచ్చింది.