అమృతం ఆంటీ కాచిన ద్రాక్షారసం

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో నర్సింగ్ చదివే రోజుల్లో కరోలిన్ శనివారాలు ఊరి బయట కొండవాలులో ఉన్న ఒక ద్రాక్షతోటలో పనిచేసేది. తోట చూడ్డానికి వచ్చినవాళ్లకు గ్లాసులో గుక్కెడు ఎర్ర వైను పోసి, వాళ్లు రుచి చూసి ఏదో ఒకటి అనేదాకా నవ్వుతూ నిలబడాలి. నచ్చితే సీసా కొనుక్కుంటారు. చేరిన రోజే తోట యజమాని జెఫ్ ఒక్కటే మాట చెప్పాడు. "వాళ్లకి ఏ రుచి తెలిస్తే అదే రుచి. కాదని మాత్రం అనకు."

ఆ పిల్ల మాత్రం చుక్క ముట్టలేదు. వైను షాపంటే తమ ఊరు నరసాపురంలో ఇనప జాలీ వెనక నుంచి సీసాలందించే కొట్టే ఆమెకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో ప్రార్థనకు కూడే తెలుగువాళ్లకు తన పని సంగతి చెప్పలేదు. తెలిసింది అమృతం ఆంటీకి ఒక్కదానికే. కరోలిన్ ఉండేది వాళ్లింట్లో వెనక గదిలోనే మరి.

అమృతం ఆంటీది పాలకొల్లు. ఈ ఊరి ఆస్పత్రిలోనే నర్సుగా ఏళ్ల తరబడి చేసింది. భర్త పోయాడు. కొడుకు ఏతాన్ పెర్త్‌లో, పియారా వాటర్స్ అనే పేటలో ఉంటాడు. ఆమె తెలుగులో అడిగితే అతను ఇంగ్లీషులో చెబుతాడు, ఇద్దరికీ అదే అలవాటు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారానికి కావలసిన ద్రాక్షారసం కాచేది ఆమే. నల్ల ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, చక్కెర వేసి, పాత నూలు చీర ముక్కలో వడగట్టేది. వాళ్లమ్మ కూడా పాలకొల్లు గుడికి అలాగే కాచేదట. తలా ఒక గుక్కెడు పోసిచ్చే ఆ చిన్న గిన్నె పెదవికి తగలగానే "అమృతం కాచింది" అని కళ్లు మూసుకున్నా తెలిసిపోయేది.

తర్వాత జబ్బు చేసింది. కీమో ముందు జుట్టు తీసుకుపోయింది, ఆ వెనకే నాలుక.

"ఏం తిన్నా తుప్పు మేకు చప్పరించినట్టుందే," అనేది ఆంటీ. కరోలిన్ దాని గురించి యూనివర్సిటీలో చదువుకునే ఉంది. చదివింది ఆ వంటింట్లో దేనికీ పనికిరాలేదు.

ఒక శనివారం సాయంత్రం ఊరికే, ఏదో మాట కలపాలని, ఆ రోజు తోటకు వచ్చినవాళ్ల సంగతి ఎత్తింది.

"ఒక ముసలాయన తడిసిన కుక్క వాసనొస్తోందన్నాడాంటీ."

"ఛీ! ఉమ్మేశాడా?"

"రెండు బాటిల్స్ కొన్నాడు. వాళ్ల కుక్క పోయి ఏడాదైందంట."

ఆంటీ నవ్వబోయి ఆగిపోయింది. "ఇంకెవరేమన్నారే?" అంది.

అప్పట్నుంచీ శనివారమంటే అదే. పెళ్లికూతుర్ని వెంటేసుకొచ్చిన ఆడపిల్లల్లో ఒకతె క్రిస్మస్ కేకు అంది, ఇంకొకతె దగ్గుమందు అంది. "ఆ రెండో పిల్లకే నాలుకుంది," అని తేల్చేసింది ఆంటీ. ఇంకెవరో ప్లమ్ అంటే, "వాళ్లకి ప్లమ్ము. మనకి నేరేడుపండు అనుకో," అంది. ఒకాయన పొగాకు అన్నాడని చెబితే నోరు నొక్కుకుంది. "దానికి డబ్బులిస్తారా! మా అమ్మమ్మ అడ్డచుట్ట కాల్చేది. పక్కన పడుకుంటే ఊరికే వచ్చేది ఆ వాసన."

చెబుతూ చెబుతూ నోట్లో నాలుక తిప్పుకునేది. గుటక వేసేది. అది చూసిన దగ్గర్నుంచి కరోలిన్ కౌంటర్ దగ్గర వచ్చినవాళ్లను వదిలేది కాదు. ఇంకేమనిపిస్తోంది, ఇంకా ఏం గుర్తొస్తోంది అని తరచి తరచి అడిగేది. పిల్ల పనిలో పదునెక్కుతోందని జెఫ్ మురిసిపోయాడు. ఆమె ఇంటికి కారు నడిపేటప్పుడు రేడియో పెట్టేది కాదు. విన్న మాటలు ఎక్కడ చెదిరిపోతాయోనని.

ఈస్టర్ దగ్గరపడింది. ఇక మందులు వద్దని డాక్టర్లు చెప్పేశారు. పాస్టర్ జోజయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, మెల్లగా అన్నారు. "అక్కా, ఈసారికి షాపులో జ్యూస్ తెచ్చేద్దాం. మీరు రెస్ట్ తీసుకోండి."

"నేను పోయాక తెచ్చుకుందురుగాని. ఈ ఒక్కసారీ నా చేత్తో, సరిగ్గా కాయనివ్వండి."

అది కోత కాలం. విషయం విని జెఫ్ ఒక పెట్టె నిండా నల్ల ద్రాక్ష ఇచ్చాడు. చిన్న చిన్న పళ్లు, మందమైన తోలు, పండు పండుకీ గింజలు. వైనుకే పెంచిన రకం. ఆంటీ వాటిని చూసి చిన్నపిల్లలా సంబరపడింది. ఇన్నేళ్లూ ఎండువే గానీ పచ్చివి కాచిందే లేదు. స్టూలు మీద కూర్చుని, ఎండుద్రాక్ష కాచినట్టే, తోలూ గింజా కలిపి బాగా మరిగేదాకా ఉడికించింది. కరోలిన్ కలిపింది. చీర ముక్కలో పిండితే ముదురు రంగు రసం దిగింది.

ఆంటీ గరిటెడు తీసి అందించింది. "నా నాలుక నువ్వేనే ఇప్పుడు. చెప్పు, ఎలా ఉంది?"

కరోలిన్ నోరు పిడచగట్టుకుపోయింది. పళ్లు పట్టేసినంత వగరు. ఆ వెనక చేదు. తలెత్తి చూసింది. ఆంటీ తలకు చుట్టుకున్న స్కార్ఫ్ చెమటకు తడిసి ఉంది, ఒక చేత్తో స్టూలు అంచు పట్టుకుని కూర్చుంది. కాదని మాత్రం అనకు.

"బాగుందాంటీ," అంది. "తియ్యగా ఉంది."

ఈస్టర్ రోజు అందరూ ఆ చిన్న గిన్నెలు పుచ్చుకున్నారు. ఎవరి ముఖమూ మారలేదు, ఆమె వీల్‌చెయిర్‌లో ముందు వరసలోనే ఉంది మరి. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. బాగుందక్కా. చాలా బాగుందాంటీ. బాగుందమ్మా. ఆంటీ అందరికీ తల ఊపింది.

కరోలిన్ ఇంటి ముందు కారు ఆపాక ఆంటీ అంది. "పాడైందా?"

"అదేంటాంటీ, అందరూ బాగుందన్నారుగా!"

"అదేనే. ఇన్ని నెలలు నువ్వు చెబుతుంటే వినలేదా? నిజంగా రుచి తెలిసినోళ్లు కుక్కంటారు, చుట్టంటారు, దగ్గుమందంటారు. ఉత్తినే బాగుందని ఒక్కడైనా అన్నాడా నీ కౌంటర్ దగ్గర? ఇవాళ ఇంతమందిలో ఒక్కరికీ ఏదీ గుర్తు రాలేదా?"

కరోలిన్ స్టీరింగ్ మీద చేతులు తియ్యలేదు.

"ఇప్పుడన్నా చెప్పు."

"వగరాంటీ. నేరేడు గింజ కొరికినట్టు. పచ్చి వక్క నమిలినట్టు కూడా. చివర్లో చేదు."

ఆంటీ కళ్లు మూసుకుంది. నాలుక తిప్పుకుంది. "నేరేడు గింజ," అనుకుంది. "కొంచెం చక్కెర, ఆ గింజలు తీసేసి రెండో వాయి. అంతేనే. ఆ పూట ఓపికుంది నాకు. చేసేదాన్ని కదే," అంది.

కోపంగా అన్నా బావుండేది. ఆమె అన్న తీరులో కోపం లేదు.

ఆ తర్వాత ఆంటీ శనివారం కబుర్లు అడగడం మానలేదు. కరోలిన్ చెప్పడమూ మానలేదు. కానీ విన్న ప్రతిసారీ, "నిజంగా అన్నారా?" అని ఒక ప్రశ్న వేసేది. అంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదు. జూలైలో, అక్కడి చలికాలంలో, బయట మంచు పట్టిన ఒక ఉదయం, ఏతాన్ చెయ్యి పట్టుకుని ఉండగా పోయింది. ఆదివారం ప్రార్థనకు షాపు జ్యూసే వస్తోంది ఇప్పుడు. తియ్యగా ఉంటుంది.

చదువు ఆఖరి ఏడాదిలో, పని మానేసే ముందు శనివారం, జెఫ్ ఒక కొత్త సీసా తెరిచాడు. ఆంటీకి పెట్టెడు పళ్లిచ్చిన కోతలోదే ఆ వైను. "ఇన్నాళ్లూ పోశావు, ఒక్కసారన్నా చూడవా?" అన్నాడు.

కరోలిన్ గ్లాసు తీసుకుంది. ఒక గుక్క నోట్లో పట్టి ఉంచింది. వగరు అలాగే ఉంది, కాకపోతే మెత్తబడింది. నేరేడు గింజ కాదు, గింజ చుట్టూ ఉండే కండ. దాని వెనక పాత నూలు చీర తడి వాసన. ఆ వెనక మరిగే గిన్నె మీది ఆవిరి.

"ఎలా ఉంది?" అన్నాడు జెఫ్.

"బాగుంది," అంది.

"అంతేనా? నువ్వేనా ఆ మాటనేది!" అని నవ్వాడు.

ఆమె గ్లాసు కడగడానికి లోపలికి వెళ్లింది.