ఉప్పు లేని ఉప్పుచేప

బీపీ ఎక్కువగా ఉందని హిందూపురం డాక్టరు మా అవ్వకు ఉప్పు మాన్పించాడు. దాంతో ఆమె తిండే మానేసింది. పళ్ళెం ముందు పెడితే రెండు ముద్దలు మింగి లేచేది. ఏం కావాలని అడిగితే ఒకటే మాట: నెత్తళ్ళ పులుసు.

నెత్తళ్ళు వేలెడంత కూడా ఉండని చేపలు. మాకు ఎండినవే దొరుకుతాయి. నోట్లో పెడితే ఉప్పురాయి.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది గానీ, పెనుకొండ గ్రంథాలయంలో నేను తిరగేయని బీరువా లేదు. అక్కడ చేపలు నిల్వ చేయడం గురించిన పుస్తకం దొరికింది. చేపలను ఉప్పులో పొరలుగా పేరిస్తే, ఉప్పు కండలోని నీటిని లాగేసి తాను లోపలికి దిగుతుందట. ఉప్పునీళ్ళలో కాసేపు ముంచి ఎండేస్తే అంత పట్టదు. నెత్తళ్ళలాంటి చిన్నవాటిని ఉప్పే లేకుండా ఇసుక మీద ఎండబెట్టే చోట్లు కూడా ఉన్నాయి. చిన్నవి కనుక కుళ్ళేలోపే ఎండిపోతాయి. అవ్వ సమస్య తీరిపోయిందనుకున్నాను.

చిక్కంతా మాటతో వచ్చింది. సముద్రం చూడని మా వైపు ఎండిన ప్రతి చేపా ఉప్పుచేపే. వేరే పేరు లేదు. హిందూపురం సంతలో "ఉప్పు లేని ఉప్పుచేపలు ఉండాయా?" అని అడిగాను.

అమ్మే ఆమె పక్క బుట్టామె వైపు తిరిగింది. "ఈయప్పకి నీళ్ళు లేని బావి కావాలంట."

"మన పక్క బావులన్నీ అవే గదా. యాడైనా చూసుకోమను."

నేను ఎండబెట్టే పద్ధతులు చెప్పబోయాను. "తీసుకుంటావా, బేరం చెడగొడతావా?" అందామె. తీసుకున్నాను.

పెనుకొండ అంగట్లో "నానేస్తే పోతాదిలేప్పా" అన్నారు. సంతలో తెచ్చినవి కొన్ని నానేశాను. ఉప్పు సగమే పోయింది, చేపలు మాత్రం మెత్తబడి విరిగిపోయాయి. చివరికి ధర్మవరంలో ఉప్పు పొడి రాలని నెత్తళ్ళు కనిపించాయి. ఒకటి నాలుక మీద పెట్టి చూశాను. చప్పగా ఉంది. పుస్తకం అబద్ధమాడలేదు.

ఆ రోజే పులుసు చేశాను. అవ్వ ఒక చేపను కాసేపు నమిలింది.

"ఇవి నెత్తళ్ళు కాదబ్బీ."

"నెత్తళ్ళేనవ్వా. అసలు రుచి ఇదే. పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినాయప్పది సముద్రం పక్క ఊరేమో. మనకి చేపంటే ఉప్పే."

పళ్ళెం తోసేసింది. ఆ పులుసంతా నేనే తిన్నాను. బాగుంది. దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

మరునాడు అవ్వే అంది: "సంతలో తెచ్చిన ఉప్పువి రెండు పెనం మీద ఏంచి పక్కన పెట్టు. తినన్లే. వాసన చూస్తా సంగటి తింటా."

పెట్టి, ఎదురుగా కాపలా కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత సంగటి ముద్ద మొత్తం తినింది. నీళ్ళు అడిగితే లేచి వెళ్ళి తెచ్చాను. పళ్ళెం పక్కన చేప ఒకటే ఉంది.

"రెండోది యాడవ్వా?"

"నీ పుస్తకంలో చూడబ్బీ, యాడన్నా ఉంటాది," అని చెంబు అందుకుంది.