గుడ్డ మార్చానా, నెయ్యి మార్చానా

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చెప్పే ఏ సంగతినైనా సగానికి సగం తరుగు తీసి వినాలి. మా ఆవిడైతే ముప్పాతిక తీసేస్తుంది. ఫోన్లు ఇంకా మడతపెట్టి జేబులో వేసుకునే ఆ కాలంలో, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో నేనొక సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరి పనిలోనైనా తప్పు పట్టగలనన్న పొగరు నిండుగా ఉండేది (పెళ్లయి ఏడాదే అయింది కనక ఇంకా మిగిలి ఉంది). మా మేనేజర్ అరవై దాటిన అమెరికన్. ఆఫీసంతా ఆయన్ని పేరు పెట్టి పిలిచేది, నాకు నోరు రాక 'సర్' అనేవాణ్ణి. నా వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయన బాధ వేరు. ఆయన దగ్గరొక మజిల్‌లోడర్ రైఫిల్ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గ్రీజు రాసిన గుడ్డముక్కలో సీసపు గుండు చుట్టి, కడ్డీతో దట్టించి కాల్చే పాతకాలపు తుపాకి అది. దాని గుళ్లు ఒకచోట పడవు, క్లబ్బు పోటీలో ఏటా బావమరిది చేతిలో ఓటమి. ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తే బగ్ దొరికిపోతుంది సర్, అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"అయితే శనివారం రా. నీ లెటర్ సంగతి సోమవారం చూద్దాం" అన్నారాయన.

శనివారం ఆయన పొలంలో, బల్ల మీద నా ల్యాప్‌టాప్, పక్కన మా ఆవిడ కట్టిచ్చిన ముద్దపప్పన్నం, సీసాలో నెయ్యి. కాల్చడం ఆయన వంతు, గుడ్డలకి గ్రీజు రాసివ్వడం, ఫలితాలు ఎక్కించుకోవడం నా వంతు. మందు అదే, గుండు అదే, గ్రీజు అదే, మారేది గుడ్డ మందం ఒక్కటే. పల్చటి గుడ్డతో మూడు గుళ్లూ మూడు కౌంటీల్లో (మన జిల్లాలనుకోండి) పడ్డాయి. మధ్యరకంతో కాస్త నయం, రెండు కౌంటీలే. లేచిన పొగకి పక్కనున్న డల్లెస్ ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడం మానేశాయి. తీరా దళసరి గుడ్డ వంతు వచ్చేసరికి గ్రీజు డబ్బా అడుగంటింది. ఆయన చెయ్యి చాపి నిలబడ్డారు. ఆగండంటే నా పద్ధతి పరువు పోతుంది. అటు తిరిగి, నెయ్యి రాసి అందించాను.

మూడు గుళ్లూ ఒకే చిల్లులోంచి దూరిపోయాయి (సరే, మూడు చిల్లుల్నీ ఒక ఇడ్లీతో మూసేయొచ్చు). ఆయన కళ్లు చెమర్చాయి. నా భుజం పట్టుకుని, "ఏం మార్చావు?" అని అడిగారు.

ఒకేసారి రెండు మార్చడం టెస్టర్‌కి మహాపాపం. అయినా గుండె దిటవు చేసుకుని, గుడ్డా మార్చాను, నెయ్యీ రాశాను, ఏది పనిచేసిందో తెలియదు సర్, అని చెప్పేశాను. ఆయన పడీపడీ నవ్వారు. ఇంటికెళ్తే మా ఆవిడ ఖాళీ సీసా తిప్పి చూసి, "ఒక్క పూటలో ఇంత నెయ్యి తిన్నారా? ఆయనేమనుకుని ఉంటారండీ?" అంది.

ఇందులో పొగా, కౌంటీలూ మీరే తరుగు తీసుకుని ఉంటారు. నెయ్యి మాత్రం నిజం. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆయనకి నిజం చెప్పానన్నది. "గుడ్డ, సర్" అన్నాను. ల్యాప్‌టాప్‌లోనూ అదే ఎక్కించాను. సోమవారం పొద్దున్నే సంతకం పెట్టేశారు. పై ఆదివారం గజాలకొద్దీ దళసరి గుడ్డా, కొత్త గ్రీజు డబ్బా పట్టుకుని పోటీకెళ్లి, మళ్లీ ఓడిపోయి వచ్చి, "నీ టెస్టింగ్‌లో తప్పు లేదు, నా చెయ్యే వణికింది" అన్నారు. ఒక్కోసారి అలా జరుగుతుంది సర్, అని ఓదార్చాను కూడా. అప్పటి నాలోని ఇరవయ్యారేళ్ల ఘనుణ్ణి తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. చెయ్యి నా చెవిదాకా వెళ్లి, నవ్వొచ్చి ఆగిపోతుంది.